నాలుగంగుళాల వ్యాపారం

ఊరంతా బిర్యానీ సెంటర్లు, మిల్లెట్ టిఫిన్లు, డ్రైఫ్రూట్ లడ్డూ దుకాణాలు తెరిచి, ఏడాది తిరక్కుండానే షట్టర్లు దించేస్తున్న ఈ కాలంలో ఔత్సాహిక పారిశ్రామికవేత్తలకు ఒక శుభవార్త. ఇంకా ఎవరూ గట్టిగా చెయ్యి పెట్టని రంగం ఒకటి మిగిలే ఉంది. పొట్టి ఆడవాళ్లకు బట్టలమ్మడం, ఆ బట్టలు ఎలా వేసుకోవాలో విడిగా ఫీజు పుచ్చుకుని చెప్పడం. బోర్డు మీద మాత్రం ‘పెటీట్ స్టైలింగ్ స్టూడియో’ అని రాయించాలి. పెటీట్ అంటే పొట్టే, కాకపోతే ఇంగ్లీషులో. ఏసీ తప్పనిసరి.

ఈ వ్యాపారానికి అమెరికా కంపెనీలు పాటించే గీత ఒకటుంది. ఐదడుగుల నాలుగంగుళాలు, అంటే 163 సెంటీమీటర్లు. అంతకు లోపున్న ఆవిడ ఎవరైనా మన కస్టమరే. ఇప్పుడు ఇటు చూడండి. భారతీయ మహిళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంటే ఐదడుగులు. గీతకు నాలుగంగుళాలు కింద నిలబడి ఉంది మన సగటు మనిషి! మామూలుగా ప్రత్యేక వర్గం అంటే వందలో ఐదుగురో పదిమందో ఉంటారు. ఇక్కడ అలా కాదు. ఏ పెళ్లిలోనైనా ఫొటోగ్రాఫరు పిలిచి మరీ వెనక వరసలో నిలబెట్టే ఆ ఇద్దరు ముగ్గురు పొడుగాటి వదినల్ని పక్కన పెడితే, మిగిలిన కల్యాణ మండపమంతా మన ప్రత్యేక వర్గమే. జనంలో నూటికి తొంభై మందిని పట్టుకుని ‘మీరు చాలా అరుదైనవారండీ, మీకోసమే ప్రత్యేకంగా చేయించాం’ అని అమ్ముకునే అదృష్టం ఇంకే సరుకుకీ లేదు. జుట్టు నూనెకు ఉందేమో.

ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే కస్టమర్లూ తగులుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 1939-40లో అమెరికా వ్యవసాయ శాఖ (అవును, వ్యవసాయ శాఖే) దాదాపు 15 వేల మంది ఆడవాళ్లకు తలా 59 రకాల కొలతలు తీసింది. తీరా లెక్కలు కట్టేటప్పుడు తెల్లవాళ్లు కానివాళ్ల కొలతలన్నీ పక్కన పడేసింది. 1940ల్లోనే హన్నా ట్రాయ్ అనే అమెరికన్ డిజైనర్, యుద్ధ సమయంలో సేవలకు ముందుకొచ్చిన మహిళల కొలతలు తిరగేసి, చాలామందికి భుజానికీ నడుముకూ మధ్య దూరం కంపెనీలు అనుకున్నదానికన్నా తక్కువని పసిగట్టింది. పెటీట్ సైజులు అలా పుట్టాయి. చిలకలూరిపేట ఆడపడుచు ఆ లెక్కల్లో ఏ మూలా లేదు. మన కంపెనీలు మాత్రం సొంత పట్టిక లేక అమెరికా, బ్రిటన్, యూరప్ పట్టికలనే కాస్త అటూ ఇటూ సవరించుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాయి. ఆ సవరణల్లో ఏది మిగిలిందో ఏది జారిందో మనకెందుకు? జారినదే మన మార్కెట్టు.

ముప్పు ఏమైనా ఉంటే అది ప్రభుత్వం వైపు నుంచే. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ‘ఇండియాసైజ్’ అని ఒక సర్వే తలపెట్టింది. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్ల ముందు నిలబెట్టి మన ఒళ్లకు మన పట్టిక తయారుచేయాలని. ఆ పట్టిక షాపులో హ్యాంగర్ దాకా దిగివస్తే మామూలు బట్టలు మామూలు మనుషులకు పట్టేస్తాయి. మన స్టూడియోకు తాళమే. అయినా బెంగపడక్కర్లేదు. సర్కారు కాగితం హ్యాంగర్ దాకా నడిచి రావడానికి పట్టే కాలంలో మనం రెండు బ్రాంచీలు తెరిచెయ్యొచ్చు.

ఇక సరుకు. ఏ పెద్ద షాపులోనైనా ట్రయల్ రూమ్ బయట ఓ అరగంట నిలబడితే చాలు, మార్కెట్ రీసెర్చ్ అయిపోయినట్టే. ఐదడుగుల ఆవిడ 46 అంగుళాల స్ట్రెయిట్ కట్ కుర్తీ వేసుకుని తలుపు తీస్తుంది. భుజం నుంచి నేల దాకా ఆవిడకు దేవుడిచ్చిందే 50 అంగుళాలు. కుర్తీ మోకాలు దాటి, పిక్కలు దాటి, చీలమండల్ని పలకరించి ఆగుతుంది. కింద లెగ్గింగ్ వేసుకుందో లేదో ఎవరూ సాక్ష్యం చెప్పలేరు. నడుం దగ్గర లోపలికి పోవాల్సిన కుట్టు తుంటి మీద లోపలికి పోతుంది. అక్కడ లోపలికి పోయే ఉద్దేశం ఆవిడ ఒంటికి లేదు. తుంటి దగ్గర తెరుచుకోవాల్సిన సైడ్ కట్ తొడ మధ్యలో ఎక్కడో తెరుచుకుంటుంది. స్కూటీ ఎక్కాలంటే కుర్తీ పైకి లాగి పట్టుకోవాలి. త్రీ ఫోర్త్ చేతులు మణికట్టు దాకా వచ్చి ఫుల్ హ్యాండ్స్ అయిపోతాయి. చంక ఎంత కిందికి దిగిందంటే, ఆర్టీసీ బస్సులో రాడ్ పట్టుకుందామని చెయ్యెత్తితే చేతితోపాటు కుర్తీ మొత్తం లేస్తుంది.

సేల్స్ అమ్మాయి (ఆ పిల్లా ఐదడుగులే) ఏ మాత్రం తడుముకోకుండా ‘కింద ఫోర్ ఇంచెస్ కట్ చేయిస్తే సెట్ అయిపోద్ది మేడమ్’ అంటుంది. తప్పు పైన, కత్తెర కింద. పైగా డబ్బంతా పోసి కొన్న ఎంబ్రాయిడరీ అంచు ఉండేది ఆ నాలుగంగుళాల్లోనే.

నిజంగా బాగుచేయాలంటే భుజం, చంక, నడుము, తుంటి, మోకాలు అన్నిచోట్లా కొంచెం కొంచెం తగ్గిస్తూ ప్యాటర్న్ మొత్తం కొత్తగా గీయాలి. దానికి తెలిసిన మాస్టర్ కావాలి. శాంపిల్స్ కుట్టి, రకరకాల ఒళ్ల మీద వేసి చూసి, విప్పి మళ్లీ కుట్టాలి. ఇలాంటి పిచ్చి పనులు చేసే చిన్న బ్రాండ్లు లేకపోలేదు. వాళ్ల యజమానులు రాత్రిళ్లు ఒంటి గంట దాకా టేబుల్ మీద వంగి ఉంటారు. మనం వ్యాపారం చేద్దామని వచ్చాం కదా. జైపూర్ నుంచో సూరత్ నుంచో అందరూ తెచ్చే సరుకే తెస్తాం. ఆ నాలుగంగుళాలు మనమే ముందుగా కత్తిరించి, మెడ దగ్గర ‘పెటీట్ ఫిట్’ అని లేబుల్ వేయిస్తాం.

ధర చెప్పేటప్పుడు గొంతు వణక్కూడదు. ఇన్నాళ్లూ చిన్న సైజుకూ పెద్ద సైజుకూ ఒకే ఎమ్మార్పీ ఉండటం వల్ల పొట్టి ఆవిడ తను తొడుక్కోని గుడ్డకు ఒకసారి, దాన్ని కత్తిరించినందుకు ఇంకోసారి డబ్బు కడుతూ వచ్చింది. ఘోరమైన అన్యాయం. ఆ రెండు డబ్బులూ వేరువేరు చేతుల్లోకి పోయేవి! ఇకమీదట రెండూ మనకే. బయట 1,200 ఉన్న కుర్తీ మన దగ్గర 2,499. ఆ అంకె ఊరికే రాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మన వ్యాపారంలో గీతలు రెండే: కస్టమర్ ఆ ఎత్తు దాటకూడదు, కుర్తీ ఈ ధర దాటకూడదు. కత్తిరించిన ముక్క పారేయకండి. ఎలాస్టిక్ తొడిగి జుట్టు బ్యాండు కుట్టించి, ‘పర్యావరణ హితం’ అని చీటీ కట్టి, అదే కస్టమర్‌కు 149కి ఇవ్వండి.

పెట్టుబడికి ముద్ర రుణం ఉండనే ఉంది. 50 వేల దాకా ‘శిశు’ కోటా, ఆపైన కిశోర్, తరుణ్. చాలామంది మన కస్టమర్లు జీన్స్ కొనేది పిల్లల సెక్షన్లో, పద్నాలుగేళ్ల సైజులో కాబట్టి శిశుతో మొదలుపెట్టడమే ధర్మం. వాళ్లు ఎదగకపోయినా మనం ఎదుగుతాం.

బట్టలొక్కటే అమ్మితే బట్టల కొట్టే అవుతుంది, స్టూడియో అవదు. స్టైలింగ్ కావాలి. ఇందులో మొదటి సూత్రం, నిలువు చారలు పొడుగ్గా, సన్నగా చూపిస్తాయని. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1860ల్లోనే దీనికి అడ్డం తిరిగాడు. సమానమైన రెండు చతురస్రాల్లో ఒకదాన్ని అడ్డగీతలతో, రెండోదాన్ని నిలువుగీతలతో నింపితే అడ్డగీతలదే పొడుగ్గా కనిపిస్తుందన్నాడు. 2008లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు పీటర్ థాంప్సన్ చారల గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల బొమ్మలు జనానికి చూపించి, అడ్డచారలు లావుగా చూపిస్తాయన్న మాట నిలబడదని తేల్చాడు. ఇది తెలిసి మనం కుంగిపోవాల్సిన పనేం లేదు. దసరాకు నిలువు చారలు అమ్మండి. అవి అయిపోయాక ఉగాదికి ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని అడ్డచారలు దించండి.

చీర దగ్గరే అసలు చిక్కు. ఐదున్నర మీటర్ల పొడుగు, 45 నుంచి 48 అంగుళాల పన్నా. నడుం నుంచి నేలకు 37 అంగుళాలున్న మనిషి మిగతా ఎనిమిదో పదో అంగుళాలు పావడా బొందులోకి దోపేసి పనికి వెళ్లిపోతుంది. పొడుగాటి తోడికోడలు మర్నాడు అదే చీర కాస్త తక్కువ దోపుకుని కడుతుంది. చీరకు సైజు అడిగిన మనిషిని ఏ కొట్టువాడూ ఇంతవరకు చూసి ఉండడు. ఇంత చక్కగా నడుస్తున్న వస్తువును మెరుగుపరచాలంటే ముందు అది నడవట్లేదని నమ్మించాలి. ‘ఈ పెద్ద అంచు మీ ఎత్తును మింగేస్తోంది మేడమ్’ అనండి చాలు. బీరువాలో ఉన్న గద్వాలలూ కంచిపట్లూ ఒక్క మాటతో పాతబడిపోతాయి. కుచ్చిళ్లు ముందే పోసి, ఇస్త్రీ చేసి, పెట్టెలో మడిచిచ్చే ప్రీ ప్లీటింగ్ వాళ్లు ఊళ్లో ఎలాగూ ఉన్నారు. దాని ముందు పెటీట్ తగిలిస్తే 300 అదనం.

ప్రచారానికి మోడల్ ఎత్తు ఐదడుగుల ఎనిమిది. ఇందులో రాజీ లేదు. పొట్టివాళ్ల బట్టలు పొట్టి మనిషి వేసుకుంటే ఎలా ఉంటాయో కస్టమర్ అద్దంలో రోజూ చూస్తూనే ఉంది, దానికి మళ్లీ డబ్బిచ్చి ఫొటో తీయించడం దేనికి? కెమెరా నేల మీద పెట్టి పైకి తిప్పితే ఇంకా మంచిది. లైవ్‌లో ధర చెప్పకండి, ఇన్‌బాక్స్‌కు రమ్మనండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోతే రిటర్న్ లేదు. తీసినా లేదు, కానీ ఆ మాట రాయకూడదు.

ఆన్‌లైన్ ఆర్డర్లలో ఇంకో తిరకాసు ఉంది. ఎత్తు అడిగితే కస్టమర్ చెప్పేది పెళ్లి బయోడేటాలో రాసిన ఎత్తు. పెళ్లిళ్ల పేరయ్య చేతి మీదుగా ఐదడుగుల ఒకటి ఐదడుగుల మూడుగా మారి, పెళ్లై ఇరవయ్యేళ్లు గడిచినా ఇంట్లో అదే చెలామణి అవుతుంటుంది. అత్తగారి ముందు ఆవిడ ఇప్పుడు రెండంగుళాలు తగ్గలేదు కదా. అంచేత చెప్పిన ఎత్తులోంచి రెండు తీసేసి పంపండి. పొట్టయిందని ఎవరూ ఫిర్యాదు చేయరు.

పోటీదారు ఒక్కడే. వీధి చివర అపార్టుమెంటు మెట్ల కింద మిషను వేసుకుని, మెడలో టేపు, చేతిలో అరిగిన సుద్దముక్కతో కూర్చునే టైలరు. ఆయన దగ్గర పట్టిక లేదు, స్కానర్ లేదు, అమెరికా వ్యవసాయ శాఖ పేరు కూడా విని ఉండడు. ఎత్తెంతని అడగడు. ‘ఆది జాకెట్టు తెచ్చావా అమ్మా’ అంటాడు. అది పరిచి, జానతో ఓసారి కొలిచి, ‘అప్పటికంటే భుజం జారిందే’ అని పక్కనే గీత గీస్తాడు. కుట్టాక అది ఒక్కరికే పడుతుంది, చక్కగా పడుతుంది. ఆయనకున్న లోపమల్లా ఏ రోజు వెళ్లినా ‘రేపు సాయంత్రం’ అనడం. మన పరిశ్రమ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

కాబట్టి ఆయన్ను బయట ఉండనివ్వకూడదు, ముక్కకు 40 రూపాయలిచ్చి కాంట్రాక్టులోకి తీసుకోవాలి. మన కత్తిరింపులన్నీ ఆయనే చేస్తాడు, లేబుళ్లూ ఆయనే కుడతాడు. మన దగ్గర 2,499 పోసి కొన్న కుర్తీ నాలుగడుగుల పదంగుళాల ఆవిడకు ఇంకా పెద్దదే అవుతుంది గనుక, ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకుని మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తుంది. అభ్యంతరం లేదు, అందులో మనకు సగం వాటా. ఒప్పంద పత్రంలో మాత్రం ఒక షరతు స్పష్టంగా రాయించండి: మన సరుకు తప్ప ఇంకెవరి బట్టలూ చెప్పిన రోజుకు ఇవ్వకూడదు.