మహారాజశ్రీ సమయాభావం గారి సముఖానికి

అయ్యా,

మీరు క్షేమమని తెలుసు. మొన్న ఆదివారం మా యూనివర్సిటీ ఆడిటోరియంలో మిమ్మల్ని కళ్లారా చూశాను. మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు యాంకరమ్మ నోట్లోంచి ఊడిపడ్డారు. ఉదయం పది నుంచి నేను అక్కడే ఉన్నాను, నాలుగో వరుసలో, ఫ్యాను గాలి అందని కుర్చీలో. అప్పటిదాకా మీ జాడే లేదు.

విశిష్ట పూర్వ విద్యార్థుల సన్మానం అది. వృత్తిలో పైకొచ్చినవాళ్లు తొమ్మిది మంది, సమాజసేవ చేసినవాళ్లు ఇద్దరు. ముప్పై ఏళ్లుగా మనం ఉన్నామో పోయామో కనుక్కోని యూనివర్సిటీకి ఉన్నట్టుండి మా ఫోన్ నంబర్లు దొరికితే మొదట్లో నేనూ మురిసిపోయాను. తర్వాత తెలిసింది, యూనివర్సిటీల నాణ్యత చూసే న్యాక్ వాళ్లు గ్రేడు ఇచ్చేటప్పుడు పూర్వ విద్యార్థులు ఏపాటి అండగా ఉన్నారు, ఎన్ని లక్షలు ఇచ్చారు అని కూడా చూస్తారట. ప్రేమకి కూడా ఒక కాలమ్ ఉంది, దానికి 5.4 అని నంబరు కూడా ఉంది. పోనీలెండి, పెళ్లిసంబంధాలు కుదిరేదీ అలాగే కదా.

ఆహ్వానపత్రంలో 'సరిగ్గా ఉదయం 10 గంటలకు' అని వేశారు. 'సరిగ్గా' కింద గీత కూడా. ముఖ్య అతిథిగారు దయచేసింది 12 గంటల 5 నిమిషాలకు. ఆ రెండు గంటల్లో మీరు రాలేదు. జ్యోతి వెలిగించేటప్పుడు స్టాండు ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచక, ఆరుగురు పెద్దలు కొవ్వొత్తి చుట్టూ అరచేతులు అడ్డం పెట్టుకుని ఏడు నిమిషాలు నిలబడ్డారు. అప్పుడూ రాలేదు. ముఖ్య అతిథిగారి బయోడేటాని ముందు యాంకరు చదివింది, తర్వాత రిజిస్ట్రారుగారు చదివారు, ఆ తర్వాత వీసీగారు 'ఆయన గురించి చెప్పనక్కర్లేదు' అంటూ మూడోసారి చెప్పారు. మీరు బయట టీ తాగుతున్నారేమో.

ముఖ్య అతిథిగారు నలభై ఎనిమిది నిమిషాలు మాట్లాడారు. అందులో పావుగంట, మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి మీద. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లి ఎంతటివాడయ్యాడో చూడండి, చదివిన కాలేజీకి ఎంత పేరు తెచ్చాడో చూడండి అని. చప్పట్లు. ఆ కాలేజీ ఆయనకేం ఇచ్చిందో మాత్రం చెప్పలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి మాట విని ఆపరేషన్ థియేటర్లోకి ఖద్దరు కోటు వేసుకెళ్లాడని సర్జరీ ప్రొఫెసర్ దొరగారికి కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టి పంపారు. ఆయన 1948లో న్యూయార్క్‌లో పోతే, మనవాళ్లు 1995లో స్టాంపు వేశారు. ఈ రోజుకీ మన ఊళ్లలో బోదకాలు రాకుండా మింగించే మాత్ర ఆయన చలవే. ఈ సంగతి వేదిక మీద చెప్పి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. పావుగంట అక్కర్లేదు.

తర్వాత డాలస్ నుంచి ఒక దాతగారి వీడియో. ఆయన పెదవులు కదిలిన కాసేపటికి మాట వినబడుతోంది. మధ్యలో చక్రం తిరగడం మొదలైతే హాలంతా ఆ చక్రాన్నే భక్తిగా చూసింది. తొమ్మిది మందికీ ఒక్కొక్కరికి ఒక్కో పరిచయం, పక్కన భార్యాభర్తల ఫోటో, ఒక్కో స్పందన. ఒక కంపెనీ అధినేత 'నేను మాటల మనిషిని కాదు' అని మొదలుపెట్టి ఇరవై నిమిషాల్లో దాన్ని తప్పని నిరూపించాడు. ఎవరి మైకు దగ్గరా మీరు తచ్చాడలేదు. ఆ తొమ్మిది మంది గొప్పతనాన్ని నేను కాదనడం లేదు, కష్టపడ్డవాళ్లే. కానీ వాళ్ల స్పందనల్లో కష్టం కన్నా విమానాలు ఎక్కువ.

అప్పుడు వచ్చింది సమాజసేవ వంతు. అప్పుడు వచ్చారు తమరు.

'సమయాభావం వల్ల, సేవా విభాగంలో సన్మాన గ్రహీతలు ఇద్దరూ ఒకేసారి వేదిక మీదకి విచ్చేసి, సామూహికంగా ఫోటో దిగవలసిందిగా సవినయంగా మనవి చేసుకుంటున్నాం.'

ఇద్దరు కలిస్తే సమూహం ఎలా అవుతుందో వ్యాకరణం తెలిసినవాళ్లు చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకాయన నా హాస్టల్ రూమ్మేటు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. ల్యాబులో చుక్క కూడా అటూఇటూ కానివ్వడని వాడికి పిపెట్ అని, అంటే ద్రవాలు కొలిచే గాజు గొట్టం పేరు, పెట్టాం. మెస్సులో సాంబారు కూడా కొలిచి పోసుకునేవాడు. కనిగిరి వైపు సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారు. ఇరవై రెండేళ్లుగా వాడి సెలవులన్నీ బోర్ల దగ్గరే గడుస్తాయి. సైకిల్ బుట్టలో సీసాలు, పరీక్ష కిట్టు, ఎర్ర పెయింటు డబ్బా. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉందంటే ఆ చేతి పంపుకి ఎర్ర రంగు. ఆ రంగు వేసినందుకు రెండు ఊళ్లలో దెబ్బలు తినబోయాడు కూడా. ఊరి పరువు తీశాడట.

వాడికి ఈ సన్మానం గొడవ తెలియదు. దరఖాస్తు పెట్టింది నేను. 'అయ్యా, నేను గొప్పవాణ్ణి, నన్ను గౌరవించండి' అని ఎవరికి వారే ఫారం నింపుకోవాలని అప్పుడే తెలిసింది. అందులో 'మీ సంస్థ టర్నోవర్' అనే గడి తప్పనిసరి. సున్నా వేస్తే తీసుకోలేదు. చివరికి ఒక రూపాయి వేశాను. ప్రస్తుతం మా పిపెట్‌గాడు రూపాయి టర్నోవర్ సంస్థకి అధినేత. సేవ చేసినట్టు గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువపత్రం కూడా పెట్టమన్నారు. ఆ పాట్లు ఇక్కడ ఎత్తను.

ఎంపికైందని చెప్పగానే వాడు అడిగింది ఒకటే: 'ఒరే, మాట్లాడనిస్తారా?' కనుక్కుని చెప్పాను, మూడు నిమిషాలు ఇస్తారట అని. మాటిచ్చింది నేను కాదు, కార్యక్రమ కమిటీ. వాట్సాప్‌లో ఉంది, చూపించమంటే చూపిస్తాను.

శనివారం రాత్రి మా ఇంట్లో దిగాడు. భోజనాలయ్యాక మా ఆవిడ చేతికి ఫోనిచ్చి స్టాప్‌వాచ్ పెట్టమన్నాడు. హాల్లో టీవీ ముందు నిలబడి మొదలుపెట్టాడు. మొదటిసారి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఒక పేరా కొట్టేశాడు. అందులో వాడి గురించి ఉంది. రెండోసారి 3.40. మళ్లీ కొట్టేశాడు. పదకొండు దాటాక 2.55 వచ్చింది.

'చెల్లెమ్మా, ఐదు సెకన్లు మిగిలాయి. ఏం చెప్పమంటావు?'

'నమస్కారం పెట్టండి అన్నయ్యా. అది మర్చిపోయారు.'

కాగితం చివర 'నమస్కారం - 5 సె.' అని రాసుకున్నాడు.

సంచిలో రెండు చిన్న సీసాలు కూడా తెచ్చాడు. ఒకటి వాళ్ల బోరు నీళ్లు, ఇంకోటి మంచినీళ్లు. రెండింట్లోనూ మందు చుక్కలు వేస్తే మంచినీళ్లు గులాబీ రంగులో నిలుస్తాయి, బోరు నీళ్లు పసుప్పచ్చకి తిరుగుతాయి. అది వేదిక మీద చూపించి ఒక్కటంటే ఒక్క ముక్క చెప్పాలని వాడి ఆశ: ఈ నీళ్లని కాచి తాగితే లాభం లేదు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీరు ఆవిరై మిగిలింది ఇంకా చిక్కబడుతుంది. వాడి ఊళ్లలో పిల్లల మీద ప్రేమ ఎక్కువున్న తల్లులే ఎక్కువసేపు కాస్తారట. నల్గొండ పేరుతోనే ఒక పద్ధతి ఉంది, పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి తేర్చడం. అది చెప్పాలి. హాల్లో ఆరు వందల మంది ఉన్నారు, సగం మందికి ఊళ్లున్నాయి, ఒకళ్లిద్దరు మోసుకెళ్లినా చాలు అన్నాడు.

వీటికి మీరు అడ్డొచ్చారు.

కాదు, నీతో ఇక మర్యాద అక్కర్లేదు. నువ్వు అడ్డొచ్చావు.

వాడు వేదికెక్కాడు. సంచి భుజానే ఉంది, చెయ్యి సంచిలోనే ఉంది, సీసా మూత మీద. పక్కన ఇంకో గ్రహీత, ఎన్నో ఏళ్లు ఏజెన్సీ ఊళ్లలో కాన్పులు చేసిన నర్సమ్మ. శాలువాలు కప్పారు, ఇటు చూడండి అన్నారు, అయిపోయింది. వాడు మైకు వైపు ఒక అడుగు వేశాడు. యాంకరు నవ్వుతూ మైకు పక్కకి తిప్పేసింది. ఆ పిల్లని ఏమీ అనను, ఆమె చేతిలో ఉన్న కాగితంలో నువ్వే ఉన్నావు, టైపు చేసి, ముందురోజే. అవును, చూశాను. ఉదయం పదకొండుకి మంచినీళ్ల కోసం వేదిక పక్కకి వెళ్లినప్పుడు ఆమె ఫైలు తెరిచి ఉంది. పదకొండో అంశం: 'సమయాభావం వల్ల సేవా విభాగం.' కార్యక్రమం ఇంకా మొదలే కాలేదు, సమయం అప్పటికే అయిపోయింది! నాకు అప్పుడు అర్థం కాలేదు. రెండు గంటలకి అర్థమైంది.

ఆ వెంటనే వందన సమర్పణ. పంతొమ్మిది నిమిషాలు. మైకు సెట్టువాళ్లకి, షామియానావాళ్లకి, పత్రికలవాళ్లకి, చివరికి వర్షం పడకుండా సహకరించిన వరుణదేవుడికి. పంతొమ్మిదిని మూడుతో భాగించు. వరుణుడిదాకా చెప్పిన ఆ థాంక్స్‌లన్నిట్లో మా పిపెట్‌గాడు ఆరుసార్లు మాట్లాడి దిగేవాడు. అసలు వరుణుడు సహకరించి ఉంటే వాడి ఊళ్లలో అన్ని వందల అడుగుల లోతు బోర్లు ఎందుకు వేస్తారు?

సమయం లేకపోవడం అంటే ఏమిటో నీకు తెలుసా? ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావుగారు 1945లో రాసిన వ్యాసానికి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించారు. డెబ్భై ఎనిమిదేళ్ల తర్వాత. ఆయనకి 102 ఏళ్లు. ప్రకటించింది ఏప్రిల్లో, ఆయన పోయింది ఆగస్టులో. అది సమయాభావం. పిల్లలకి పెద్ద పళ్లు తయారయ్యేది ఎనిమిదేళ్లలోపు. ఆలోపు ఆ నీళ్లు తాగితే పళ్లకి పట్టే గార ఏ పేస్టుతోనూ పోదు. పెళ్లిచూపుల్లో ఆడపిల్లలు నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఊళ్లున్నాయి. ఆరేళ్ల పిల్లకి రెండేళ్లే ఉంది. అది సమయాభావం. పన్నెండింటికి వచ్చినవాడికి ఒంటిగంటన్నరకి ఆకలెయ్యడాన్ని ఆ పేరుతో పిలవకు.

నీకు చెప్పుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి గానీ వదిలేస్తున్నాను. మెమెంటో మీద వాడి ఇంటిపేరు బదులు ఇంకెవరిదో ఉంది. గేటు దగ్గర ఫ్లెక్సీలో దాతగారి ముఖం బండిచక్రమంత, వీళ్లిద్దరివీ రూపాయి బిళ్లంత. మెట్లు దిగుతుంటే ఒక కుర్రాడొచ్చి 'సార్, శాలువా ఇవ్వండి, మడతపెట్టి కవర్లో ఇస్తాం' అన్నాడు. ఇచ్చాడు, అమాయకుడు. ఐదు నిమిషాల తర్వాత అదే శాలువా, అదే అంచు, మధ్యాహ్న భోజనం స్పాన్సర్ చేసిన స్వీటుషాపాయన భుజాల మీద కనబడింది.

నర్సమ్మగారు మాత్రం నవ్వేసి, 'పోనీలే బాబూ, నాకు నాలుగున్నర బస్సుంది' అని వెళ్లిపోయారు. ఆవిడకి నిజంగానే టైం లేదు.

నేను తల దించుకున్నాను, దరఖాస్తు పెట్టింది నేనే కాబట్టి. భోజనాల దగ్గర వాడు ఏమీ మాట్లాడలేదు. రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి షామియానా వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాను.

అక్కడ క్యాటరింగ్ వాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు తోముతున్నారు, ఒక కుర్రాడు డ్రమ్ము మీద కూర్చున్నాడు. మావాడు సంచి తెరిచి, బోర్లించిన ఒక డేగిసా మీద రెండు సీసాలు పెట్టాడు. చుక్కలు వేస్తున్నాడు. ఒకటి గులాబీ. రెండోది నెమ్మదిగా పచ్చబడుతుంటే ఆ పెద్దావిడ బూడిద చేతులతోనే లేచి దగ్గరికొచ్చింది.

'కాచుకుంటే పోద్దా సారూ?'

'కాస్తే పోదమ్మా. అదే చెప్పడానికొచ్చాను.'

నేను ఫోన్ తీసి స్టాప్‌వాచ్ నొక్కాను. ఎందుకో తెలియదు, అలవాటు పడిపోయాను. వాడు కాగితం తియ్యలేదు. కాచడం గురించి చెప్పాడు, పటిక గురించి చెప్పాడు, ఎర్ర రంగు కొట్టిన పంపు దగ్గర బిందె పెట్టొద్దన్నాడు. కుర్రాడు డ్రమ్ము దిగాడు. చివర్లో వాడు ఆ ఇద్దరు ఆడవాళ్లకీ చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. వాళ్లు కంగారుపడి తడి చేతులతోనే తిరిగి పెట్టారు.

ఫోన్ చూశాను. సరిగ్గా మూడు నిమిషాలు.

ఇట్లు,
నాలుగో వరుస, ఫ్యాను గాలి అందని కుర్చీ

తా.క.: శాలువా ఇంకా రాలేదు.