సూత్రానికి తొందరేం లేదు, ముందు గవ్వలు తీయండి

అమెరికాలో కామన్ కోర్ అనే పాఠ్య ప్రమాణాలు పాటించే బడుల్లో సంభావ్యత (ప్రాబబిలిటీ) ఏడో తరగతిలో మొదలవుతుంది. పిల్లలు హోంవర్క్ చూపించగానే మన ఇళ్లలో వినపడే మాట: "ఏముంది, అనుకూల పర్యవసానాలు బై మొత్తం పర్యవసానాలు!" ఉత్సాహం ఎక్కువున్న నాన్నలైతే ఎన్‌సీఆర్ (n వస్తువుల్లోంచి r వస్తువులను ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే సూత్రం) కూడా అప్పుడే చెప్పేస్తారు. అది తొందరపాటు. ఆ భిన్నం చెల్లాలంటే పర్యవసానాలన్నీ సమసంభవాలు కావాలి, అంటే ఒక్కోదానికీ అవకాశం సమానంగా ఉండాలి. నాణేలు, పాచికలు, పేకముక్కల లెక్కల్లో ఆ షరతు ఎలాగూ నెరవేరుతుంది కాబట్టి, అదొకటుందనే మరిచిపోతాం.

మహామహులకే ఇది తప్పలేదు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో గణితవేత్త దలాంబేర్ వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే రెండోసారి ఎగరేసే పనే లేదు. కాబట్టి బొమ్మ, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు, మూడే దారులని ఆయన లెక్క. కానీ మొదటిదాని వాటా 1/2, మిగతా రెండింటికీ చెరో 1/4. జవాబు 3/4.

ఇది పిల్లలకు అర్థం కావడానికి అష్టాచమ్మా గవ్వలు బాగా పనికొస్తాయి. నాలుగు గవ్వలు వేస్తే, వెల్లకిలా పడ్డవాటిని బట్టి ఒకటి, రెండు, మూడు, చమ్మా (నాలుగూ వెల్లకిలా), అష్టా (నాలుగూ బోర్లా): అయిదు ఫలితాలు. ఒక్కోదానికి 1/5 వస్తుందా అని అడగండి. చాలామంది అవుననే అంటారు. అప్పుడు గవ్వలకు నాలుగు రంగుల చుక్కలు పెట్టి, వెల్లకిలా, బోర్లా అంటూ 16 వరుసలు రాయించండి. రెండుకు ఆరు వరుసలు, ఒకటికీ మూడుకూ నాలుగేసి, చమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి వస్తాయి.

అక్కడ ఆగితే మళ్లీ పాత తప్పే. ఆ 16 వరుసలూ సమానమని ఎవరు చెప్పారు? గవ్వకు ఒకవైపు ఉబ్బు, రెండోవైపు చదును. ఒకే గవ్వను 100 సార్లు వేయించి గీతలు పెట్టించండి. నాలుగూ కలిపి 25 సార్లు వేస్తే పని త్వరగా తెములుతుంది గానీ, ఏ రెండు గవ్వలూ ఒక్కలా ఉండవు. వెల్లకిలా 40 సార్లు పడిందనుకోండి. మిగతా గవ్వలూ అలాంటివే అనుకుంటే చమ్మాకు 0.4 నాలుగో ఘాతం, అంటే 0.0256, అష్టాకు 0.6 నాలుగో ఘాతం, 0.1296. అయిదు రెట్ల తేడా! అలాగని ఆ 40 వేదవాక్కు కాదు. అసలు విలువ 0.3, 0.5ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ ఊగిసలాట సగం కావాలంటే 200 చాలవు, 400 సార్లు వేయాలి. ఇక్కడ కంప్యూటర్ మీదికి మనసు పోతుంది. మొదటి వందా మాత్రం చేత్తోనే వేయించండి, కంప్యూటర్‌కి 0.4 అనో 0.5 అనో ముందే చెప్పాల్సింది మనమే కదా.

హైస్కూల్లో నియత సంభావ్యత (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకొకటి జరిగే సంభావ్యత) వచ్చాక తప్పు ఇంకోచోట దొర్లుతుంది. సంచిలో 3 ఎర్ర గోళీలు, 2 నీలం గోళీలు. తిరిగి వేయకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవే అయ్యే సంభావ్యత కావాలి. పిల్లలు హారాన్ని 4 చేస్తారు, లవాన్ని మరిచిపోయి 3/5 × 3/4 అని రాస్తారు. వృక్షచిత్రం (ట్రీ డయాగ్రమ్) గీసి, ప్రతి కొమ్మ దగ్గర సంచిలో ఏమేం మిగిలాయో రాయిస్తే 2/4 దానంతటదే కనబడుతుంది, జవాబు 3/10. ఎన్‌సీఆర్ ఇప్పుడు చెప్పండి. 3సీ2 బై 5సీ2 కూడా 3/10 అని పిల్లలు తామే సరిచూసుకుంటారు.