వ్యయ నామ సంవత్సరపు వీలునామా గారికి

మహారాజశ్రీ మా ముత్తాత గారి వీలునామా గారి సముఖానికి, గుంటూరు నుంచి మునిమనవరాలు వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం నిన్న సాయంత్రమే చూశాను, ఏడు పేజీలు, పేజీకి ఒక రౌండు సీలు.

మీ నకలు కోసం ఇది మూడో తిరుగుడు. పదిన్నరకు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తే సర్వర్ డౌన్, తర్వాత భోజనాలు, తర్వాత మళ్ళీ సర్వర్. మీరు వీలునామాలు ఉండే మూడో నంబరు పుస్తకంలో కాపురం కాబట్టి, రాసినాయన పోయారని రుజువు చూపిస్తే గానీ నకలు ఇవ్వరట. ఆయన పుట్టింది 1880ల్లో అండీ, ఇంకా ఉంటే నేను మీ దగ్గరికి ఎందుకొస్తాను, టీవీ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను కదా అన్నాను. కౌంటర్లో ఆయన నవ్వలేదు. చివరికి నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి నేను ప్రమాణం చేశాక గానీ మా ముత్తాత అధికారికంగా పోలేదు.

సరే, చదివాను. ఫసలీ 1356 అన్నారు, అది పాతకాలపు రెవెన్యూ సంవత్సరం లెక్క, దానికి 590 కలిపి 1946 అని తేల్చుకున్నాను. వ్యయ నామ సంవత్సరం, మార్గశిర మాసం. పేరుకు తగ్గట్టే ఉంది, ఆ వ్యయం ఇంకా మేమే పెట్టుకుంటున్నాం, ఆటోలతో సహా.

హద్దుల గురించి ఎక్కువ మాట్లాడను. మన చేనుకి తూర్పు హద్దు పక్కాయన చేను అని రాశారు కదా, ఆయన చేను ఎక్కడుందో తెలుసుకుందామని వాళ్ళ దస్తావేజు కూడా సంపాదించాను, అందులో పడమటి హద్దు మన చేను. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఎక్కడ నిలబడ్డారో మాత్రం చెప్పరు. ఇక "నిధి నిక్షేప జల తరు పాషాణాది సమస్త హక్కులతో" అనడం బాగానే ఉంది, నిక్షేపాల సంగతి దేవుడెరుగు, మా నాన్న బోరు వేయిస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి.

నా బాధ ఇవి కావు. నాలుగో పేజీ.

నాలుగో పేజీలో మీరు అందరినీ పేరుపేరునా పలకరించారు. ముగ్గురు కొడుకులు, ఇంటిపేర్లతో, వయసులతో. పాలేరు పేరుంది, అతనికి రావలసిన బాకీ ఉంది. ఎద్దుల జతకి కూడా పేర్లున్నాయండీ! డొంక పక్కన తాటిచెట్టుని మూడుసార్లు తలచుకున్నారు. ఇత్తడి గంగాళం ఒకటి, "మణుగున్నర తూకము గలది" అని తూకంతో సహా. ఆ గంగాళం కింద లైను, "నా భార్యకు మనోవర్తి నిమిత్తము యేటా పది బస్తాలు ధాన్యము యిచ్చుచుండవలెను. ఆమె తాలూకు మాగాణి యకరం 1-60 సెంట్లు నా పెద్దకుమారుడు అనుభవించగలవాడు."

నా భార్య. అంతే. ఏడు పేజీలు మళ్ళీ వెతికాను, వెనక్కి తిప్పి కూడా చూశాను. పేరు లేదు.

ఆమె తాలూకు అంటే పుట్టింటి వాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమే అయ్యుంటుంది. మరి ఆ దస్తావేజు ఏదీ అని అడిగితే, భూముల దస్తావేజులుండే ఒకటో నంబరు పుస్తకానికి రెండు ఇండెక్సులు ఉంటాయి, ఒకటి మనుషుల పేర్ల మీద, ఇంకోటి ఆస్తి మీద అన్నారు. "పేరు చెప్పండమ్మా." తెలీదు. "పోనీ ఊరు, పొలం డి.నెంబరు?" మీరు రాయలేదు. "పేరు లేకుండా ఎలా వెతకమంటారు?" నిజమే కదా. ఆన్‌లైన్‌లో చూద్దామంటే ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల జాబితా, 1983 నుంచే, అంతకుముందు భూమి ఆకాశంలో ఉండేది కాబోలు. పైగా వాళ్ళ పెళ్ళి 1904కి ముందు జరిగుంటే అప్పటికి గుంటూరు జిల్లాయే లేదు, ఇదంతా కృష్ణా జిల్లా, ఆ పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో.

ఇంట్లో అడిగాను. బాబాయి, "మామ్మ అనేవాళ్ళం" అన్నాడు. మరి పేరు? "మామ్మే." పిన్ని మాత్రం గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకే ఇవన్నీ, భాగమేమైనా అడుగుతావా?" అంది. నాకు ఒక్క సెంటు వద్దు పిన్నీ, పేరు కావాలి.

మీరు పుట్టిన పదేళ్ళకి, 1956లో, హిందూ వారసత్వ చట్టం వచ్చింది తెలుసా? మీలాంటి వాళ్ళు మనోవర్తి కింద విదిలించిన భూమి కూడా ఆడవాళ్ళకి పూర్తి హక్కే అవుతుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా మన ఆంధ్రా నుంచి వెళ్ళిన కేసు మీద. తులసమ్మ కేసు అంటారు లాయర్లు ఇప్పటికీ. ఆవిడ కోర్టుకి ఎక్కింది కాబట్టి కనీసం పేరు మిగిలింది. మా ముత్తవ్వ కోర్టుకి ఎక్కలేదు, వంటింట్లో ఉంది. ఆవిడ భూమిని ఆవిడ కొడుక్కే ఆవిడ బతికుండగానే రాసేసి, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాశానంటారా? ఇద్దరు సాక్షుల ముందు! దస్తూరి మాత్రం ఎంత గుండ్రంగా ఉందో, ముత్యాల్లా. అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది. అంత తీరుబడి ఉన్న చేతికి మూడక్షరాలు బరువయ్యాయా?

నిన్న రాత్రి నిద్ర పట్టక బాబాయికి ఫోన్ చేసి గంగాళం సంగతి అడిగాను. అటక మీదే ఉందట. ఈరోజు పొద్దున్నే వెళ్ళి ఇద్దరు మనుషుల సాయంతో దింపించాను, తూకం విషయంలో మీరు అబద్ధం ఆడలేదు. లోపల పాత పేపర్లు, ఒక చెప్పు. చింతపండు పెట్టి గంటసేపు తోమితే అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు కనపడ్డాయి. సారెలో వచ్చిన గిన్నె మీద పుట్టింటి వాళ్ళు పేరు కొట్టించకుండా పంపుతారా? "వెం" అని ఉంది, తర్వాత సొట్ట, చివర "మ్మ".

వెంకమ్మో, వెంకట సుబ్బమ్మో, వెంకట రత్నమ్మో. కౌంటర్లో ఆయన ఈసారి నవ్వుతాడేమో. సోమవారం వెళ్తున్నాను.