పిచ్చాపాటి రాకపోవడం మేధావి లక్షణమా?

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు మూడుసార్లు తిరిగింది. "నలుగురిలో పిచ్చాపాటి మాట్లాడలేకపోతున్నారా? బాధపడకండి. తెలివైనవాళ్లు ఉత్త కబుర్లు భరించలేరు" అని దాని సారాంశం. కింద ఓ కొటేషన్, ఓ పరిశోధన. నేనూ కొత్తవాళ్ల ముందు నోరు పెగలని బాపతే కాబట్టి మొదటిసారి చప్పట్ల బొమ్మ పెట్టాను. రెండోసారి నిదానంగా చదివి తీసేశాను.

ముందు ఆ కొటేషన్ సంగతి. "గొప్పవాళ్లు ఆలోచనల గురించి, మామూలువాళ్లు జరిగిన సంగతుల గురించి, అల్పులు మనుషుల గురించి మాట్లాడతారు" అని ఒకప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ అన్నారట. ఆవిడ అన్నట్టు ఆధారం దొరకలేదు. దాదాపు ఇదే మాట 1901లో అచ్చయిన ఒక జ్ఞాపకాల పుస్తకంలో బకల్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడి పేరు మీద ఉంది. ఎవరన్నా సరే, మనుషుల ఊసెత్తకుండా మన ఇళ్లలో ఒక్క పూట గడుస్తుందా?

రెండోది, "సంతోషంగా ఉండేవాళ్లు ఉత్త కబుర్లు చెప్పరని 2010లో తేలింది" అన్నది. పరిశోధన నిజమే. అమెరికాలో 79 మంది విద్యార్థుల దగ్గర చిన్న రికార్డర్లు పెట్టి మాటలు విన్నారు. సంతోషంగా ఉన్నవాళ్ల రికార్డుల్లో ఉత్త కబుర్లు తక్కువగా, లోతైన మాటలు ఎక్కువగా వినిపించాయి. ఫార్వర్డు అక్కడితో ఆగిపోయింది. పరిశోధకులు ఆగలేదు. 2018లో 486 మంది మాటలతో మళ్లీ చూస్తే లోతైన మాటలకూ సంతోషానికీ సంబంధం నిలిచింది గానీ, ఉత్త కబుర్ల వల్ల సంతోషం తగ్గుతుందన్నది నిలవలేదు.

మూడోది, "ఆ మాటల్లో సమాచారం సున్నా, కాబట్టి టైమ్ వేస్ట్." అసలు తేడా ఇక్కడే వచ్చింది. సంచీ పట్టుకుని వీధిలోకి వస్తే ఎదురింటాయన "ఏం, బజారుకా?" అంటాడు. కనిపిస్తూనే ఉంది కదా! మనం "ఆ, అలా..." అంటాం. టిఫినైందా అని అడిగినవాడికి మన ఇడ్లీల లెక్కతో పనిలేదు. అదే ఆయన పలకరిస్తే తల దించుకుని వెళ్లిపోయి చూడండి, చూసీ చూడనట్టు పోయాడని పదేళ్లు చెప్పుకుంటారు. చావింటికి వెళ్లినప్పుడు గమనించారా? కన్నీళ్లు తుడుచుకుంటూనే "ఎప్పుడు బయల్దేరారు, బస్సు దొరికిందా?" అంటారు. దుఃఖానికి మాట దొరకనిచోట ఆ బస్సే ఆసరా. మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వచ్చి, సమాచారం కోసం కాకుండా బంధం కోసం ఆడే ఇలాంటి మాటలకు 1923లో ఒక పేరు పెట్టాడు. మనకు లోకాభిరామాయణం అనే మాట ఉండనే ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలింకా లేరా అని మొదలుపెట్టేవాళ్లను చూసి పారిపోవడంలో తప్పేం లేదు. కాకపోతే దాన్ని ఆరా తీయడం అంటారు, పిచ్చాపాటి అనరు.

ఇక నాలుగోది, నన్ను బాగా ఊరించింది: "మనకు రాక కాదు, మనకది అక్కర్లేదు." నా మటుకు అది శుద్ధ అబద్ధం. నాకు టెన్షన్. ఏమంటే ఏమనుకుంటారోనని లోపల వాక్యం కూర్చుకునేలోపు లిఫ్ట్ మా అంతస్తుకు వచ్చేస్తుంది. పరిచయం లేని ఇద్దరిని కాసేపు మాట్లాడుకోనిచ్చి తర్వాత విడివిడిగా అడిగిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. అవతలివాళ్లకు తాము నిజంగా ఎంత నచ్చామో, అంతకంటే తక్కువే నచ్చి ఉంటామని జనం అనుకున్నారట.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్లాం. చేతులు కడుక్కుని జేబురుమాలుతో తుడుచుకుంటున్న ఒకాయన ఎదురుపడితే, ఏదో ఒకటి అనాలి కదా అని "భోంచేశారాండీ?" అన్నాను. అన్నాక ఆయన చేతులు చూశాను. "ఇప్పుడే అయింది, పనసపొట్టు కూర అయిపోతోంది, మీరు త్వరగా కూర్చోండి" అని ఆయన నవ్వాడు. నేను ఆ కూర తింటున్నంతసేపూ సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం కార్లో మా ఆవిడ చెప్పింది, ఆయన వాళ్ల పెద్దనాన్నగారి వియ్యంకుడట. "మీ ఆయన భలే కలుపుగోలు మనిషమ్మా" అన్నాడట. ఆవిడ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.