బండకు రసం ఎక్కడిది?

వానలు మొదలవగానే బెంగళూరులో వీకెండ్ ట్రెక్కులు ఊపందుకుంటాయి. వాటితోపాటే ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత మెసేజ్ మళ్లీ తిరగడం మొదలెడుతుంది. "కొండలెక్కేవారు తప్పక చదవండి" అని మొదలయ్యే ఆ మెసేజ్‌లో చెప్పేవి నాలుగు. చెట్ల బెరడు మీది బూడిదరంగు మచ్చలు చెట్టుకు పట్టిన తెగులు, రసం పీల్చి చంపేస్తాయి, కనిపిస్తే గీకి పుణ్యం కట్టుకోండి. దారి తప్పితే నాచు పట్టిన వైపే ఉత్తరం. ఎండిన నాచు చచ్చినట్టే, తొక్కినా ఫర్వాలేదు. మచ్చలున్న చోట గాలి నూటికి నూరుపాళ్లు శుభ్రం. (గాలి శుభ్రమని చెప్పేదాన్ని గీకేయమనడం ఏమిటో, రాసినవాళ్లకే తెలియాలి.)

నేనూ పట్టించుకునేదాన్ని కాదు. మొన్న నంది కొండ మెట్లదారిలో ఒక కుర్రాడు కారు తాళంతో చెట్టు మొదలు గీకుతూ కనిపించాడు. "ఏం చేస్తున్నావు తమ్ముడూ?" అంటే, "తెగులక్కా, తీసేస్తున్నా" అన్నాడు. పాపం, మంచి ఉద్దేశమే.

ఆ మచ్చ పేరు లైకెన్. ఒక శిలీంధ్రం (ఫంగస్), ఒక శైవలం (ఆల్గే) కలిసి చేసే కాపురమని స్కూల్లో చదువుకున్నదే. 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త ఈ మాటంటే తోటి శాస్త్రవేత్తలు చాలామంది కొట్టిపారేశారు. శిలీంధ్రం ఇల్లు కట్టి నీటిని పట్టి ఉంచుతుంది, శైవలం ఎండతో వంట చేస్తుంది. ఇక చెట్టు రసంతో పనేముంది? దానికి వేళ్లే లేవు. కొన్నిటికి అడుగున ఉండే పోగులు పట్టు కోసమే. నీరు, ఖనిజాలు వానలోంచి, మంచులోంచి, గాలిలోని దుమ్ములోంచి తీసుకుంటుంది. రసం పీల్చేదాన్ని చూడాలంటే మామిడి కొమ్మకు పట్టిన బదనికను చూడండి. అది కొమ్మలోపలికి చొచ్చుకుపోతుంది, కొమ్మ నరికితే తప్ప వదలదు. లైకెన్ బెరడు పైపొర దగ్గరే ఆగిపోతుంది. పైగా ఇలాంటి మచ్చలే పక్కనున్న బండ మీదా ఉన్నాయి. బండకు రసం ఎక్కడిది?

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. సీసా మూతలో కాసిని నీళ్లు తీసుకుని, గీకకుండా మిగిలిన భాగం మీద పోశాను. బూడిదరంగు చూస్తుండగానే ఆకుపచ్చకు తిరిగింది. పైపొర తడిస్తే కాస్త పారదర్శకమవుతుంది, కింద దాక్కున్న శైవలం రంగు బయటపడుతుంది. భూతద్దం ఇస్తే వంగి చూశాడు. ఆవగింజలో సగం కూడా లేని నల్లటి గిన్నెలు, అంచు తీర్చిదిద్దినట్టు, పదుల సంఖ్యలో. శిలీంధ్రం తన సిద్ధబీజాలు తయారుచేసుకునే చోటు అది. "అయితే దీని వంట ఇదే చేసుకుంటోందన్నమాట" అని తాళం జేబులో పెట్టుకున్నాడు.

మరి ఎండిపోతున్న కొమ్మల మీదే ఎక్కువ కనిపిస్తాయేం అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆకులు రాలిన కొమ్మకు వెలుతురు బాగా తగులుతుంది, లైకెన్‌కు కావలసిందీ అదే. తాళం వేసిన ఫ్లాట్ బాల్కనీలో పావురాలు గూడు పెడితే, పావురాల వల్లే ఇల్లు ఖాళీ అయిందనం కదా!

ఉత్తరం సంగతి. ఈ సూత్రం యూరప్, ఉత్తర అమెరికాల నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు నీడ, తడి ఎక్కువ. అక్కడ కూడా అది గట్టి గుర్తేమీ కాదు. బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం మన నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు ఉత్తరానే వాలి ఉంటాడు. అంటే మే నెలలో ఎండ తగిలేది ఉత్తరం వైపుకే! బెంగళూరు దగ్గరి సావనదుర్గ బండ మీద నాచు నీళ్లు కారిన జాడల్లో, పగుళ్లలో, పెద్ద రాళ్ల నీడలో ఉంటుంది. దాన్ని నమ్మి నడిస్తే ఎటు తేలతారో దేవుడికే తెలియాలి.

ఎండిన నాచు చావలేదు, ఆగింది. మార్చిలో అదే సావనదుర్గలో, మాడిన పెసరట్టు అంచులా నల్లగా పెళుసుగా ఉన్న నాచు మీద నీళ్లు చిలకరిస్తే నిమిషం తిరక్కుండానే ముడుచుకున్న ఆకులు విచ్చుకున్నాయి. బూటు కింద నలిగితే మాత్రం ముక్కలై బండ నుంచి ఊడిపోతుంది.

గాలి శుభ్రత గురించిన మాటలో సగం నిజముంది. 1866లోనే విలియం నైలాండర్ అనే వృక్షశాస్త్రవేత్త పారిస్ తోటల్లో లైకెన్లను చూసి గాలి తీరు చెప్పవచ్చన్నాడు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వాయువును చాలా రకాలు తట్టుకోలేవు. కానీ పిక్సీన్ కోకోస్ లాంటివి మన నగరాల పొగలోనూ హాయిగా బతుకుతాయి. మచ్చ ఉందా లేదా అని కాదు, ఏ రకమో చూడాలి.

ఇంతకీ తెగులు, తెగులు అని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆదివారం బిర్యానీలో వేసుకునే రాతిపువ్వు కూడా లైకెనే. కన్నడంలో కల్లు హూవు. ఇది చెప్పగానే మా గ్రూపులో ఒకాయన "అయితే కుమారపర్వతం వెళ్లినప్పుడు సంచెడు తెచ్చుకుందాం" అన్నారు. వద్దండీ. అది పుష్పగిరి అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకూడదు. పైగా బండకు అతుక్కుని పెరిగే రకాలు చాలావరకు ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. అరచేయంత మచ్చ వయసులో మీకన్నా పెద్దది కావచ్చు. రాతిపువ్వు బెంగళూరు కె.ఆర్. మార్కెట్లో దొరుకుతుంది.