క్యోటో బస్సు కిక్కిరిస్తే తప్పు వీపు సంచీ వాళ్లదా?

జపాన్‌కు 2024లో 3 కోట్ల 68 లక్షల మంది విదేశీయులు వెళ్లారు. యెన్ విలువ పడిపోవడంతో మనవాళ్లకు కూడా ఆ దేశం అందుబాటులోకి వచ్చింది. ఆ దేశపు పాత రాజధాని క్యోటోలో స్థానికులకు బస్సులో చోటు దొరకడం లేదని, గియోన్ పేటలో సంప్రదాయ కళాకారిణులైన గైషాల వెంట పర్యాటకులు పడుతున్నారని, అక్కడి ప్రైవేటు సందుల్లోకి వాళ్లు రావద్దని 2024లో బోర్డులు పెట్టారని చదువుతూనే ఉన్నాం. 2030 నాటికి 6 కోట్ల మందిని రప్పించాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం మాత్రం వదల్లేదు. ఈ రెండింటికీ పొంతన కుదర్చడానికి అక్కడి విధానకర్తలు ఎంచుకున్న దారి, చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టే పర్యాటకుల వేట. ఈ లెక్కలో హాస్టల్లో పడుకుని, కన్వీనియెన్స్ స్టోర్లో తిండి కొనుక్కుని, ఒంటరిగా నడిచి ఊరు చూసే మనిషికి విలువ లేదు. వాళ్ల వల్ల రద్దీయే తప్ప రాబడి లేదంటున్నారు.

ఈ మాట తప్పు. ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూస్తే అది తెలిసిపోతుంది.

హైదరాబాద్ నుంచి ఒక్కతే వెళ్లిన అమ్మాయి అనుకుందాం. తెల్లారకముందే లేచి క్యోటో స్టేషన్‌లో నారా లైన్ రైలెక్కుతుంది. రెండో స్టేషన్ ఇనారి. టికెట్ 200 యెన్ కూడా ఉండదు, మన లెక్కలో నూటపాతిక రూపాయల లోపే. స్టేషన్ ఎదురుగానే ఫుషిమి ఇనారి ఆలయం. ప్రవేశ రుసుము లేదు, రాత్రిపూట మూసే గేటు కూడా లేదు. 233 మీటర్ల కొండ మీదికి వేల సంఖ్యలో తోరి అనే నారింజ రంగు గుడి ద్వారాల కింద నుంచి ఎక్కాలి. ఎక్కేటప్పుడు రంగు తప్ప ఏమీ కనిపించదు. దిగేటప్పుడు ప్రతి స్తంభం వెనక నల్లటి అక్షరాల్లో దాత పేరు, తేదీ కనిపిస్తాయి. దుకాణాలు, కంపెనీలు, కుటుంబాలు మొక్కు చెల్లించుకున్న ద్వారాలవి. పది గంటలకు టూరిస్టు గుంపులు కింద ఫొటోలకు నిలబడే సమయానికి ఆమె కొండ చుట్టి దిగేసి ఉంటుంది.

అక్కడి నుంచి కెయిహాన్ కంపెనీ రైల్లో సాంజో స్టేషన్. ఆపైన నడకే. నాన్‌జెన్‌జి ఆలయ ప్రాంగణం ఉచితం. అందులో 1888లో ఇటుకలతో కట్టిన నీటి వంతెన ఉంది. బివా సరస్సు నీళ్లు ఇప్పటికీ దాని మీదుగా పారుతుంటాయి. పక్కనే రెండు కిలోమీటర్ల పొడవున కాలువ గట్టు. దాన్ని ‘తత్వవేత్త బాట’ అంటారు. దానికీ టికెట్ లేదు. మధ్యాహ్నం కమో నది ఒడ్డున కూర్చుని రైస్ బాల్ విప్పుతుంది. శాకాహారులైతే ఉప్పులో ఊరిన ఉమే పండు పెట్టింది చూసి తీసుకోవాలి. తినేటప్పుడు నెత్తి మీద ఒక కన్ను వేసి ఉంచాలి, గద్దలు సర్రున దిగి చేతిలోది తన్నుకుపోతాయి. సాయంత్రం రాజప్రాసాదం చుట్టూ ఉన్న తోట, తర్వాత ఏదో ఒక వీధిలోని పాత స్నానశాల. అక్కడ డబ్బులు తీసుకునే పెద్దావిడకు ఇంగ్లిష్ రాకపోవచ్చు. చెప్పులు ఎక్కడ పెట్టాలో, బుట్ట ఎక్కడుందో చేత్తో చూపిస్తుంది. ఒంటరిగా తిరిగే ఆడపిల్లకు రాత్రిపూట కూడా పెద్దగా టెన్షన్ లేని ఊరు అది.

ఇంత రోజులో ఆమె నగర బస్సు ఒక్కసారి కూడా ఎక్కలేదు. చూడండి, ఏ బస్సు రద్దీ గురించి ఊరంతా గొడవ పడుతోందో, దానిలో ఆమె వాటా సున్నా.

ఆ బస్సు నింపేది ఎక్కువగా టైమ్ లేని పర్యాటకులు. ఒకే పూటలో కియోమిజు, కింకాకుజి ఆలయాలు, గియోన్ మూడూ చుట్టేయాలి, సాయంత్రానికి ఒసాకా చేరాలి. వాళ్ల జేబులో డబ్బుంటుంది, చేతిలో గంటలుండవు. క్యోటో బస్సు వెనక తలుపు ఎక్కి, దిగేటప్పుడు డ్రైవర్ పక్కనున్న డబ్బాలో 230 యెన్ వేయాలి. డబ్బా చిల్లర తిరిగివ్వదు, నోటును ముందే విడిగా మార్చుకోవాలి. నాలుగు పెద్ద సూట్‌కేసులతో ఎక్కిన కుటుంబం దిగే స్టాపులో వెయ్యి యెన్ నోటు మార్చుకోవడం మొదలుపెడితే, వెనక నిలబడ్డ ముసలాయన తన స్టాపు వచ్చినా దిగలేక నిలబడిపోతాడు. ఆ బస్సు చుట్టూ హిగాషియోజి రోడ్డు నిండా ట్యాక్సీలు, కార్లు. వాటిలో ఉన్నవాళ్లే ‘ఎక్కువ ఖర్చు పెట్టే’ పర్యాటకులు. రోడ్డు మీద ఒక్కో మనిషికి ఎక్కువ చోటు ఆక్రమించేది వాళ్లే. ఈ రద్దీకి మూలం డబ్బు లేకపోవడం కాదు, తీరిక లేకపోవడం. రేట్లు పెంచి డబ్బున్నవాళ్లనే రానిస్తే ఆ తీరికలేని గుంపే మిగులుతుంది, నడిచేవాళ్లు పోతారు.

ఇంకో సంగతి క్యోటోవాళ్లు అంతగా గుర్తుచేసుకోరు. జపాన్‌లో మొట్టమొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ 1895లో నడిచింది ఈ ఊళ్లోనే. బివా కాలువ నీటితో పుట్టిన కరెంటు మీద నడిచింది. కార్లకు అడ్డమని చెప్పి నగర ట్రామ్ పట్టాలన్నీ 1978 నాటికి పీకేశారు. కొన్ని ట్రామ్‌లను హిరోషిమా కొనుక్కుంది, అక్కడ ఇవాళ్టికీ జనాన్ని మోస్తున్నాయి. క్యోటో నగరం ఇప్పుడు నడిపే మెట్రో లైన్లు రెండే, మిగతా భారం ఎక్కువగా బస్సుల మీద. యాభై ఏళ్ల కింద నగరపాలకులు తీసుకున్న నిర్ణయానికి బిల్లు ఇప్పుడు వీపు సంచీ వేసుకున్న అమ్మాయికి ఇస్తే ఎలా?

ఇవ్వబోతున్నారు కూడా. బస్సు ఒక రోజు పాస్ అమ్మడం 2023లోనే ఆపేశారు. నగరవాసులకు తక్కువ చార్జీ, బయటివాళ్లకు ఇప్పటికంటే బాగా ఎక్కువ చార్జీ పెట్టాలన్నది మేయర్ మత్సుయి కోజి ప్రతిపాదన. దీన్ని సమర్థించేవాళ్ల బాధ నిజమైనదే. తమ పన్నులతో నడిచే బస్సులో తామే ఎక్కలేకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. తెలంగాణలో మహాలక్ష్మి కింద ఉచిత ప్రయాణం అక్కడి మహిళలకే కదా అని మనవాళ్లూ అడగొచ్చు. కానీ తెలంగాణలో బయటి మహిళ కొనేది అందరిలాగే మామూలు టికెట్. ఉన్నవాళ్లకు రాయితీ ఇవ్వడం ఒక పద్ధతి, వచ్చినవాళ్లకు రేటు పెంచడం మరో పద్ధతి. క్యోటో మొదటిదానితో పాటు రెండోదీ చేయబోతోంది. పైగా ఆ ‘బయటివాళ్ల’లో పక్కనున్న ఉజి నుంచో ఓత్సు నుంచో రోజూ పనికొచ్చే జపానీయులూ ఉంటారు.

మంచి దారులు క్యోటోకే తెలుసు. 2024 జూన్ నుంచి శని, ఆదివారాలు, సెలవుల్లో పర్యాటక స్థలాలకు 500 యెన్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ బస్సులు వేశారు. త్వరగా పోవాలనుకున్నవాళ్లు ఎక్కువ ఇస్తారు, వాళ్లు ఎవరని అడగరు. 2026 మార్చి నుంచి బస పన్ను మార్చారు. ఒక్కో మనిషికి రాత్రి బస ధర 6 వేల యెన్ లోపైతే 200 యెన్, లక్ష యెన్ లేదా ఆపైన అయితే 10 వేల యెన్. మోయగలిగినవాళ్ల మీదే బరువు పెట్టిన పన్ను ఇది. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రాబడి సమస్యకు ఇంత చక్కటి జవాబు చేతిలో ఉన్నప్పుడు బస్సు తలుపు దగ్గర మనుషుల్ని రెండు రకాలుగా విడదీయాల్సిన పనేముంది? 1985లో ఇదే నగరం గుడి టికెట్ మీద 50 యెన్ పన్ను వేస్తే పేరున్న ఆలయాలు తలుపులు మూసుకుని నిరసన తెలిపాయి, 1988లో దాన్ని ఎత్తేయాల్సి వచ్చింది. చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఎంతో కొంత గుంజాలన్న ఆలోచన అక్కడ ఒకసారి ఓడిపోయింది.

ఇది ఒక్క క్యోటో వరకే ఆగేది కాదు. హిమేజి కోటలో 2026 మార్చి నుంచి ఆ ఊరివాళ్లకు 1000 యెన్, మిగతావాళ్లకు 2500. ఆ వార్త చదివి మనవాళ్లు కొందరు కోపం తెచ్చుకున్నారు. అలాంటప్పుడు చార్మినార్ టికెట్ కౌంటర్ ముందు ఒకసారి నిలబడి చూడాలి. మనకు 25 రూపాయలు, విదేశీయులకు 300. గోల్కొండలోనూ అంతే. హిమేజిలో రెండున్నర రెట్లయితే ఇక్కడ పన్నెండు రెట్లు. క్యోటో యూనివర్సిటీలో చదువుకుంటూ, పార్ట్‌టైమ్ పనిలో దాచుకున్న డబ్బుతో హైదరాబాద్ వచ్చిన కుర్రాడు ఈ 300 కట్టి చార్మినార్ ఎక్కుతాడు. విదేశీయుడంటే డబ్బున్నవాడేనని మనం ముందే తీర్మానించేసుకున్నాం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. చేతిలో డబ్బు లేని యాత్రికుణ్ణి గౌరవించడం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. కాశీలో తెలుగువాళ్లు కట్టిన సత్రాలున్నాయి. శ్రీశైలంలో, తిరుమలలో ఆకలితో వచ్చినవాళ్లకు ఊరూ పేరూ అడక్కుండా విస్తరి వేస్తారు. ఊరు చూడ్డానికి వచ్చిన మనిషి ఎంత ఖర్చు పెడతాడన్నది ఆ సత్రాలు కట్టినవాళ్ల లెక్కలోనే లేదు. ఇప్పటి పర్యాటక విధానాల్లో ఆ లెక్క తప్ప ఇంకోటి కనిపించదు. ఆంధ్రప్రదేశ్ తన 2024-29 విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెట్టుబడులు, రిసార్టులు, స్టార్ హోటల్ గదులు, అన్నీ రావాల్సిందే. కానీ ఒంటరిగా వచ్చిన అమ్మాయి ధైర్యంగా పడుకోగలిగే 600 రూపాయల డార్మిటరీ మంచం విశాఖలో ఎన్నిచోట్ల దొరుకుతుంది? సామాను లాకర్లో పెట్టి తాళం జేబులో వేసుకునే వీలు ఎన్ని బస్టాండుల్లో ఉంది? గోల్కొండ నుంచి కుతుబ్‌షాహీ సమాధులకు కిలోమీటరు పైచిలుకు దూరం. ఆ దారిలో మనిషి ఫుట్‌పాత్ దిగకుండా నడవగలరా?

క్యోటో ఆ అమ్మాయికి ఏమీ దానం చేయలేదు. నడవడానికి దారి, కూర్చోవడానికి నది గట్టు, తాళం వేయని కొండ, వేళకు వచ్చే రైలు, ఇవన్నీ తన జనం కోసం కట్టుకుంది. ఆమె వాటినే వాడుకుంది. తోటలోనూ, గట్టు మీదా పక్కన కూర్చున్న స్థానికుడికి ఆమె వల్ల ఏమీ తగ్గలేదు. పైగా ఆమె డబ్బులు పడ్డది వీధి చివరి స్నానశాలలో, సందులోని నూడుల్స్ కొట్లో. లక్ష యెన్ గది తీసుకున్నవాళ్ల ఖర్చులో ఆ కొట్టు దాకా వచ్చేది ఎంత? బస్సు చార్జీ మీద తుది మాట చెప్పే ముందు క్యోటో నగరసభ ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి. చార్మినార్ కౌంటర్ మీదున్న ఆ రెండో ధర గురించి మన పురావస్తు శాఖా ఆలోచించాలి.