టీ డబ్బులకి దొరికే చిప్, లక్ష రూపాయల కథ

నెల రోజులుగా హైదరాబాద్ సిటీలో గిటార్ వాయించే ప్రతివాడి ఫోన్‌లోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. మా మేనల్లుడు కూడా పంపాడు, వాడికి గిటార్ పట్టుకోవడం కూడా రాదు. అందులో ఉన్నది ఇదీ: 1980ల నాటి ఎఫెక్ట్స్ పెడల్ (గిటార్‌కీ యాంప్లిఫైయర్‌కీ మధ్య తగిలించి, కాలితో నొక్కి సౌండ్ మార్చుకునే చిన్న పెట్టె) సౌండ్ కొత్తవాటికి చచ్చినా రాదు. ఆ మహిమంతా పాత జేఆర్‌సీ 4558 చిప్‌లో, జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో ఉంది. పాతవన్నీ ట్రూ బైపాస్, అంటే ఆఫ్ చేస్తే సిగ్నల్ లోపలి సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా దాటిపోతుంది. విప్పి ఒక్క కెపాసిటర్ మార్చినా దాని ప్రాణం పోతుంది. 'మేడ్ ఇన్ జపాన్' కనిపిస్తే కళ్ళు మూసుకుని కొనెయ్యి. ధర పెరగడమే గానీ తగ్గడం ఉండదు, ప్లాటు కొన్నట్టే. చివర్లో కొసమెరుపుగా, ఎర్రగడ్డ సంతలో 500 రూపాయలకి దొరికిన టీఎస్808ని, అంటే పాత ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌ని, ఎవరో లక్షకి అమ్ముకున్న కథ.

నా దగ్గర పాత పెడల్స్ 23 ఉన్నాయి. బీరువాలో మా ఆవిడ చీరల అర ఒకటి వాటికే పోయింది. కాబట్టి పాతవంటే పడక రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. పోయిన వారం మల్కాజిగిరి నుంచి ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, యాంప్ అమ్మేసి పాత ట్యూబ్ స్క్రీమర్ తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు. యాంప్ అమ్మేశాక పెడల్‌ని దేనికి తగిలిస్తావురా అంటే నవ్వాడు. నవ్వాడే గానీ అప్పటికింకా అమ్మే ఆలోచన మానలేదు. ఇలాంటివాళ్ళు ఇంకా ఉంటారనే కూర్చుని రాయాల్సి వచ్చింది.

ముందు ఎర్రగడ్డ సంగతి. ఆదివారం సంతకి పదిహేనేళ్ళుగా వెళ్తున్నాను, జుమ్మేరాత్ బజార్‌కి కూడా. ఇన్నేళ్ళలో దొరికింది పళ్ళు అరిగిపోయిన వా పెడల్ (కాలితో ఊపితే 'వా వా' అనే రకం) ఒక్కటి. "ఎఫెక్ట్స్ పెడల్ ఉందా భాయ్" అని అడిగితే ఒకాయన లోపలికెళ్ళి వెతికి మరీ కుట్టుమిషన్ పెడల్ తెచ్చి చేతిలో పెట్టాడు. మన ఊళ్ళో ఇవి తక్కువ ఉండటానికి కారణం ఉంది. 1991కి ముందు దిగుమతుల మీద ఉన్న కట్టడిలో ఇలాంటివి షాపుల్లోకి రావడమే అరుదు. వచ్చినవి దుబాయ్ నుంచో అమెరికా నుంచో ఎవరి సూట్‌కేసులోనో బట్టల మధ్య వచ్చాయి. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో డాన్స్ బ్యాండ్ల వాళ్ళుండేవారు. అలాంటి ఇళ్ళలో అటక మీద ఒకటో రెండో ఉంటే ఉండొచ్చు. వాటి విలువ వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు, 500కి ఇవ్వరు.

ఇక చిప్. మెసేజ్‌లో జనం బాగా నమ్మేది దీన్నే, చేత్తో తోస్తే పడిపోయేదీ ఇదే. ట్యూబ్ స్క్రీమర్‌ని ఐబనీజ్ పేరుతో తయారుచేసింది జపాన్‌లోని మాక్సాన్ వాళ్ళు. సర్క్యూట్ గీసింది సుసుము తమురా అనే ఇంజనీరు. ఆయన వాడిన 4558 అప్పట్లో చౌకగా, ఎక్కడపడితే అక్కడ దొరికే మామూలు ఆప్-యాంప్ చిప్, అంటే సిగ్నల్‌ని పెంచే చిప్. జేఆర్‌సీ అన్నది దాన్ని చేసిన కంపెనీల్లో ఒకటి. ఇప్పటికీ కోఠీ గుజరాతీ గల్లీలో 4558 అడిగితే కుర్రాడు తలెత్తకుండానే డబ్బాలోంచి తీసి ఇస్తాడు, ధర ఒక టీ అంత. వినాయక చవితికి మన గల్లీల్లో మోగే లోకల్ యాంప్లిఫైయర్ల బాస్-ట్రెబుల్ బోర్డుల్లోనూ చాలావరకు ఉండేది అదే. మహిమ చిప్‌లోనే ఉంటే ప్రతి మండపంలోనూ ట్యూబ్ స్క్రీమర్ మోగుతున్నట్టే లెక్క.

పాత 808లన్నిట్లో జేఆర్‌సీ చిప్పే ఉందా అంటే అదీ లేదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి మలేషియా చిప్‌తో వచ్చిన 808లు కూడా ఆనాటివే. 808 తర్వాతి మోడల్‌గా 1982లో మొదలైన టీఎస్9లలో తోషిబా చిప్‌లు కూడా కనిపిస్తాయి. మరి ఆ సౌండ్ ఎక్కణ్ణుంచి వస్తోంది? గిటార్ సిగ్నల్‌ని చిప్ పెంచుతుంది. పెరిగిన సిగ్నల్ తలనీ తోకనీ కత్తిరించేవి చిప్ పక్కన ఎదురుబొదురుగా కూర్చున్న రెండు సిలికాన్ డయోడ్లు. ఒక 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న బాస్‌ని పెద్దగా పెరగనివ్వవు. ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ మధ్యస్థాయి గొంతు అక్కడిది. 808కి, టీఎస్9కి తేడా కూడా చిప్‌ది కాదు. అవుట్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లు: 808లో 100 ఓమ్, 10 కిలో ఓమ్, టీఎస్9లో 470 ఓమ్, 100 కిలో ఓమ్. రెండూ కలిపి రెండు మూడు రూపాయల సరుకు.

నేనూ మోసపోయినవాణ్ణే, చెప్పడానికి సిగ్గేం లేదు. కొన్నేళ్ళ కిందట ఒకాయన 'ఒరిజినల్ చిప్' అని ఒట్టేసి చెబితే అడిగిన రేటు పెట్టి టీఎస్9 కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే బోర్డంతా పాత సోల్డర్ మసకగా ఉంది, చిప్ ఎనిమిది కాళ్ళ దగ్గర మాత్రం తళతళలాడుతోంది. ఫ్లక్స్ మరకైనా తుడవలేదు మహానుభావుడు. చిప్ మీది అక్షరాల కోసం జనం డబ్బిస్తుంటే, ఆ అక్షరాలున్న చిప్ తెచ్చి అతికించడం ఎంతసేపు?

జెర్మేనియం విషయంలో నా అభ్యంతరం వేరు. బాగున్నప్పుడు అది నిజంగా బాగుంటుంది, ఒప్పుకుంటాను. లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ 1966లో తెచ్చిన ఫజ్ ఫేస్‌లో (గిటార్ గొంతుని బొంగురుగా చేసే ఫజ్ రకం పెడల్) రెండే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. గుండ్రటి ఇనప దిమ్మలాంటి పెట్టె, రెండు నాబ్‌లు. గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే గొంతు తేటపడుతుంది, అది వింటే ముచ్చటేస్తుంది. కానీ దాన్ని వాయించేది ఎక్కడ? జెర్మేనియంలో లీకేజీ కరెంటు, అంటే ఆగాల్సినచోట ఆగకుండా కారిపోయే కరెంటు, సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల ఏసీ స్టూడియోలో సరిగ్గా సెట్ చేసిన పెడల్‌ని 42 డిగ్రీల మే నెల సాయంత్రం ఓపెన్ స్టేజీ మీద పెడితే లీకేజీ మూడు రెట్లు దాటుతుంది. శామీర్‌పేట దగ్గర ఒక రిసార్ట్ షోలో నాకిది అనుభవం. సౌండ్ చెక్‌లో వెన్నలా ఉన్న ఫజ్, రెండో పాటకల్లా తెగిన స్పీకర్‌లా చిటపటలాడింది. బ్రేక్‌లో కూల్‌డ్రింకుల ఐస్ డబ్బా మీద దాన్ని పెట్టుకుని కూర్చున్నాను. కేటరింగ్ అబ్బాయి అది పాడైన స్పీకరా సార్ అని అడిగాడు. ఆర్బిటర్ వాళ్ళే కొన్నేళ్ళకి సిలికాన్‌కి మారారు. గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ రెండు రకాలూ వాయించాడు.

ఇంకోటి మెసేజ్‌లో చెప్పనే లేదు. పాత జెర్మేనియం ఫజ్‌లలో చాలావాటికి కరెంటు వరస తలకిందులు, ప్లస్ వైపు గ్రౌండ్. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే ఎలిమినేటర్‌కి గొలుసులా తగిలిస్తే షార్టే. దానికి విడిగా బ్యాటరీ వేసుకోవాలి.

ట్రూ బైపాస్ మాటకి రెండు ముక్కలు చాలు. 1980ల నాటి బాస్ (Boss అనే జపాన్ కంపెనీ), ఐబనీజ్ చిన్న పెడల్స్ దాదాపు అన్నీ బఫర్ (సిగ్నల్‌ని బలపరిచి పంపే చిన్న సర్క్యూట్) ఉన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌తోనే వచ్చాయి, వాటిలో ట్రూ బైపాస్ లేదు. పాత వా పెడల్స్‌లో బఫరూ లేదు, ట్రూ బైపాసూ లేదు. ఆఫ్‌లో ఉన్నా సిగ్నల్‌ని పీల్చేస్తూనే ఉంటాయి.

విప్పొద్దు అన్నదాని దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ముట్టని పెడల్‌కి కలెక్టర్ ఎక్కువ ఇస్తాడు, అది నిజమే. సౌండ్ పోతుందన్నది అబద్ధం. పెడల్‌లో రెసిస్టర్లు, ఫిల్మ్ కెపాసిటర్లు నలభై ఏళ్ళయినా పెద్దగా మారవు. మారేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. దానిలోపల తడి ఉంటుంది, ఆ తడి ఏళ్ళ మీద ఆరిపోతుంది, వేడికి ఇంకా త్వరగా ఆరిపోతుంది. సిమెంటు రేకుల కింది గదిలో, అటక మీద ఇరవై వేసవులు గడిపిన పెడల్ సంగతి ఊహించుకోండి. బాస్ పలచబడుతుంది, హమ్ మొదలవుతుంది, వాల్యూమ్ తగ్గుతుంది. దాన్నే 'వింటేజ్ వార్మ్‌త్' అని మురిసిపోయేవాళ్ళని చూశాను. ఆ పెడల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున అలా మోగలేదు. కెపాసిటర్ మారిస్తే తిరిగొచ్చేది దాని అసలు గొంతే.

నేను పాటించే పద్ధతి చెబుతాను. మార్చేముందు బోర్డుకి ఫోటో తీస్తాను. అదే విలువ, అదే వోల్టేజీ లేదా కాస్త ఎక్కువున్న కెపాసిటర్ వేస్తాను. తీసిన పాత ముక్కల్ని చిన్న కవర్లో పెట్టి డబ్బాలోనే ఉంచుతాను. రేపు కొనేవాడికి మ్యూజియం కావాలంటే ఆ కవర్ ఇస్తాను. నాబ్ గరగరకి కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క చాలు. అన్నిటికన్నా ముందు, దాచే పెడల్‌లోంచి 9 వోల్టుల బ్యాటరీ తీసేయాలి. కారిపోయిన బ్యాటరీ పాడుచేసినన్ని పెడల్స్‌ని ఏ మెకానిక్కూ పాడుచేయలేదు. వైర్లకి పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే పొడిగా రాలిపోతుంది. ఆ విషయంలో మనం అదృష్టవంతులం, విశాఖలో అయితే ఉప్పుగాలి కూడా తోడయ్యేది.

పాత చిప్ గురించి మెసేజ్ వాళ్ళు నిజంగా వాదించదలిస్తే 4558ని వదిలేసి అనలాగ్ డిలే (వాయించినదాన్ని కాస్త ఆలస్యంగా ప్రతిధ్వనిలా వినిపించే పెడల్) దగ్గరికి రావాల్సింది. అక్కడ నేనూ తలూపేవాణ్ణి. డిలేలో వాడే చిప్‌ని బకెట్ బ్రిగేడ్ అంటారు, 1969లో ఫిలిప్స్ ఇంజనీర్లు కనిపెట్టినది. మంట ఆర్పేటప్పుడు వరసగా నిలబడి నీళ్ళ బకెట్‌ని చేతులు మార్చినట్టు, సిగ్నల్ ఒక కెపాసిటర్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ ఆలస్యమవుతుంది. 1981 నాటి బాస్ డీఎమ్-2లో వాడిన ఎంఎన్3005లో ఇలాంటి మెట్లు 4096. ఆ చిప్ తయారీ ఆగిపోయాక అది కాలిపోతే పెడల్ పక్కన పెట్టుకోవడమే అయ్యేది. ఈమధ్య దాని నకళ్ళు తయారవుతున్నాయి, బాస్ కూడా 2014లో డీఎమ్-2డబ్ల్యూ తెచ్చింది. ఆ కొరత చాలావరకు తీరిపోయింది.

'మేడ్ ఇన్ జపాన్' చూసి కళ్ళు మూసుకోమన్నారు, నేను తెరవమంటాను. బాస్ కంపెనీ డిస్టార్షన్ పెడల్ డీఎస్-1 1978లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. 1980ల చివర్లో బాస్ తయారీ తైవాన్‌కి మారింది, కానీ తైవాన్ లేబుల్ ఉన్న తొలి డీఎస్-1లలోనూ జపాన్‌వాటిలో ఉన్న తోషిబా చిప్పే ఉంది. చిప్ మారింది 1990ల మధ్యలో. లేబుల్ చూసి రెట్టింపు ఇచ్చేవాడు రంగు స్టిక్కర్‌కి ఇస్తున్నాడు. అదే జపాన్ పెడల్‌కి కింద 'ఏసీఏ' అడాప్టర్ అని రాసి ఉంటే, అది 12 వోల్టుల అడాప్టర్‌కి తయారైనది, ఆ వోల్టేజీని లోపల కాస్త తగ్గించుకుంటుంది. బ్యాటరీకి ఆ తగ్గింపు ఉండదు. ఇప్పటి 9 వోల్టుల ఎలిమినేటర్ పెడితే లైటు మసకగా వెలుగుతుంది, సౌండ్ నీరసంగా ఉంటుంది. పాడైందనుకుని అలాంటిది చవగ్గా అమ్మేసినవాళ్ళున్నారు. నా కోరస్ పెడల్ (ఒక గిటార్‌ని రెండు మూడు కలిసి మోగినట్టు వినిపించేది) అలా వచ్చిందే, బ్యాటరీ వేయగానే లేచి కూర్చుంది. 1976 నాటి బాస్ కోరస్ పెడల్ సీఈ-1 కథ ఇంకా ఘోరం. అది నేరుగా కరెంటుతో నడుస్తుంది, జపాన్‌లో అమ్మినది 100 వోల్టులది. తెలిసినాయన ఒకరు మన 230కి గుచ్చాడు. సన్నటి పొగ, వేయించిన వార్నిష్ వాసన, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాడి కోసం తిరగడం.

ప్లాటు పోలిక చూసి నవ్వొచ్చింది. ప్లాటు కొనేవాడు పక్క వీధిలో ఉంటాడు. పాత పెడల్‌కి డాలర్లలో రేటిచ్చేవాడు సముద్రం అవతల ఉంటాడు. వాడికి పంపాలంటే ప్యాకింగు, షిప్పింగు, మధ్యలో 'పనిచెయ్యట్లేదు' అనే గొడవ. సిటీలో అమ్మాలంటే కొనగలిగిన పదిమందీ నాకు పేరుపేరునా తెలుసు, అందరూ బేరమాడతారు. 1994లో మొదలైన క్లాన్ సెంటార్ అనే పెడల్ వేల డాలర్లు పలుకుతోందంటే అవి మొత్తం 8000 దాకే తయారయ్యాయి కాబట్టి. లక్షల్లో తయారైన డీఎస్-1కి ఆ లెక్క వర్తించదు. పైగా కంపెనీలు ఊరుకోవు. 1991లో ఆపేసిన బాస్ హెవీ మెటల్ పెడల్ హెచ్ఎమ్-2 కోసం స్వీడన్ డెత్ మెటల్ అభిమానులు ఎగబడుతుంటే 2021లో బాస్ దాన్ని మళ్ళీ దింపింది. సౌండ్ కావాల్సినవాడు కొత్తది కొనుక్కుని వెళ్ళిపోతాడు, పాతదానికి మిగిలేది నాలాంటి పెట్టెల పిచ్చోళ్ళే.

"వినే చెవి ఉన్నవాడికి తేడా తెలుస్తుంది" అని మెసేజ్ చివర ఒక సవాలుంది. మల్కాజిగిరి కుర్రాడు వచ్చిన రోజున మేం నలుగురం కూర్చున్నాం. నా 1980ల టీఎస్9, వాడు అరువు తెచ్చిన కొత్త టీఎస్9, మధ్యలో దుప్పటి అడ్డం. మొదటి విడతలో నలుగురూ పాతదే బాగుందన్నారు, కుర్రాడి ముఖం వెలిగిపోయింది. తర్వాత ఫోన్‌లో మీటర్ పెట్టి చూస్తే పాతది కాస్త గట్టిగా మోగుతోంది. నాబ్‌లు ఒకే చోట పెట్టినా లోపలి విలువల్లో తేడా వల్ల అంతమాత్రం ఉంటుంది, కాస్త గట్టిగా ఉన్నది చెవికి ఎప్పుడూ మెరుగ్గానే వినిపిస్తుంది. లెవెల్ సమానం చేసి మళ్ళీ ఎనిమిదిసార్లు మార్చి మార్చి వాయించాం. కుర్రాడు నాలుగు తప్పాడు. నేను ఐదు తప్పాను, అందులో రెండుసార్లు నా పెడల్‌నే కొత్తదన్నాను. వాడు యాంప్ అమ్మకుండా ఇంటికి పట్టుకెళ్ళాడు.